ఒక పాసు మీద ఇద్దరు

కర్ణాటకలోని మా మిట్టేమరిలో వెంకటరమణప్పంత నోరులేని మనిషి లేడని అందరూ మెచ్చుకుంటారు. ఆ మెప్పు వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఆ నోరు ఎందుకు మూతపడిందో, ఆమధ్య నా ఆటో మాట్లాడుకోవడానికి వచ్చి ఆయనే నాతో చెప్పాడు.

నలభై ఏళ్ల కిందట అవతలి గుట్ట కింద మిలిటరీవాళ్లు బంకరు తవ్వించారు. యుద్ధమొస్తే పెద్ద ఆఫీసర్లు అందులో కూర్చుని హుకుములు ఇవ్వాలట. రాయి కొట్టడానికి గేటు పాసు వెంకటరమణప్పకు దొరికింది, అన్న బయ్యప్పకు దొరకలేదు. మడికి నీళ్లు వంతులేసుకున్నట్టే అన్నదమ్ములు ఆ పాసునూ వంతులేసుకున్నారు. ఒకరోజు తమ్ముడు, ఒకరోజు అన్న. ఇద్దరిదీ ఒకే పోలిక, పైగా మొహం నిండా రాతిపొడి. గేటు దగ్గర ఎవడు పోల్చుకుంటాడు?

అన్న వంతు రోజున కప్పు కూలింది. తవ్వితే ఇంకా కూలుతుందని శవంతో సహా ఆ మూలను సిమెంటు పోసి మూసేశారు. మేస్త్రీ పరుగున వచ్చి, "పాసు సంగతి బయటపడితే నీకూ నాకూ జైలే. నోరు మూసుకో" అన్నాడు. పిరికివాడు, మూసుకున్నాడు. అన్న బొంబాయికి పారిపోయాడని వదిన మునిరత్నమ్మకు చెప్పాడు.

పాపం, ఆమె బొట్టూ గాజులూ తీయలేదు. "ఎవతినో తగులుకొని పోయినాడు" అని వీధంతా వినేలా మొగుణ్ణి తిట్టేది. నేను ఆ తిట్లు వింటూ పెరిగినవాణ్ణే.

యుద్ధమూ రాలేదు, ఆఫీసర్లూ రాలేదు. బంకరులో గబ్బిలాలు కాపురం పెట్టాయి. ఈ ఏడు దానికి సున్నం కొట్టి, చూడ్డానికి జనాన్ని వదిలారు. చనిపోయిన కూలీల పేర్లు గోడ మీద చెక్కించారని తెలిసి వెంకటరమణప్ప వదినను తీసుకుని నా ఆటోలో బయలుదేరాడు. పాసు మీది పేరే అక్కడ ఉంటుంది, అది చూపిస్తే తప్ప అన్న చచ్చిపోయాడంటే ఆమె నమ్మదు.

మునిరత్నమ్మ కన్నడ అక్షరాలు కూడబలుక్కుని చదివింది. "ఇది నీ పేరు కదప్పా?"

ఆయన ఆమె కాళ్ల మీద పడి అంతా చెప్పేశాడు.

ఆమె ఏడవలేదు. "యాడుండాడు?" అంది.

ఆయన ఈ గోడా ఆ గోడా తడిమాడు. అన్నీ ఒకే తెలుపు. ఏ మూలో ఆయనకే తెలియలేదు.

"నలభై ఏండ్లు తిట్టినానే! పెద్దల పండక్కి ఒక్క సంగటి ముద్దన్నా పెట్టనీకపోతివే! ఆకలితో పడుండాడే ఈడ!"

"తప్పయిపోయింది, వదినా..."

"వదినా అనొద్దు. ఈ గోడ మీద రాసిందే నిజం."

ఆ నెలలోనే, పోయినవాళ్లకు ఆకేసి పెట్టే పెద్దల పండగ వచ్చింది. మునిరత్నమ్మ రెండు ఆకులు వేసి రెండింట్లోనూ సంగటి పెట్టింది. మొదటి ఆకు ముందు మొగుడి పేరు చెప్పి నీళ్లు వదిలింది. రెండో ఆకు ముందు వెంకటరమణప్ప పేరు చెప్పింది. ఆయన గడప బయట కూర్చుని చూస్తున్నాడు.