పదకొండేళ్ళ హాజరు

రాజోలు దగ్గర కాలవగట్టు మీద రెండు గదుల బధిర పిల్లల బడి ఉండేది. దానికి ఒక సొసైటీ, సొసైటీకి తొమ్మిదిమంది కమిటీ, కమిటీకి కార్యదర్శి ఎలీసమ్మ. సర్కారు బళ్ళో ముప్ఫై నాలుగేళ్ళు పాఠాలు చెప్పి, రిటైరైన ఏడాదే ఆవిడ ఈ బడి పెట్టింది. చిన్నప్పుడు ఆవిడకో చెవిటి తమ్ముడు ఉండేవాడు. వాడు ఏ బడి గడపా తొక్కకుండానే పెరిగి, ఎవరితోనూ ఒక్క మాట చెప్పుకోకుండానే పోయాడు.

కమిటీ వేసేటప్పుడు ఆవిడ చూసింది పేర్లే. ఆవిడ తండ్రి ఇస్సాకు, ఊరి మోతుబరి వీరవెంకటరమణ గారింట్లో పాలేరు. ఆ ఇంటి అరుగు మీద ఇస్సాకు ఏనాడూ కూర్చోలేదు. అలాంటి ఇంటాయన పేరు అధ్యక్షుడిగా, తన పేరు కార్యదర్శిగా ఒకే కాగితం మీద అచ్చయి వచ్చిన రోజు ఎలీసమ్మ ఆ కాగితాన్ని చాలాసేపు చూసుకుంది. మిగతావాళ్ళూ పేరున్నవాళ్ళే. సభ్యుడెవరైనా పోతే ఆ కుర్చీ కొడుక్కి వెళ్ళేది. వేరేవాళ్ళకిస్తే ఆ ఇంటిని అవమానించినట్టు. అలా తండ్రి కుర్చీలోకి వచ్చిన బెంజమిన్ విశాఖపట్నంలో బ్యాంకు ఆఫీసరు. బడి కాలవకి ఏ పక్కనుందో కూడా అతనికి తెలీదు.

మొదటి మీటింగు వరికోతల రోజుల్లో పడింది. ఇద్దరొచ్చారు. పెద్దవాళ్ళని పదేపదే పిలవడం బాగోదనుకుని, ఎలీసమ్మ మినిట్స్ పుస్తకం చంకన పెట్టుకుని ఆటోలో ఇళ్ళకెళ్ళింది. కూర్చోబెట్టి కాఫీ ఇచ్చారు, చదవకుండా సంతకాలు పెట్టారు. అదే వాడుకైపోయింది. మూడు నెలలకోసారి 'సభ్యులందరూ హాజరై, చర్చించి, ఏకగ్రీవంగా తీర్మానించడమైనది' అని గుండ్రటి అక్షరాలతో రాసేది. అందులో అబద్ధం ఉందని ఆవిడకి తోచలేదు. కాదన్నవాళ్ళెవరూ లేరు మరి.

ఒకసారి వీరదుర్గ అడిగింది. ఆమె కొబ్బరిపీచు ఫ్యాక్టరీలో కూలి. కూతురు చిట్టి ఆ బళ్ళోనే చదివేది.

"అమ్మగారండి, మమ్మల్నీ ఆ కమిటీలో వెయ్యండి. ఎలాగూ రోజూ ఇక్కడికొస్తాం కదండి."

"రమణగారి పక్కన కుర్చీలో కూర్చుంటావేంటే?"

"కుర్చీ లేకపోతే కిందే కూర్చుంటామండి. పిల్లలు మావోళ్ళే కదండి."

ఎలీసమ్మ నవ్వి ఊరుకుంది.

నిరుడు ఫిబ్రవరిలో జిల్లా ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. బడికి గుర్తింపు కొనసాగాలంటే అధికారి ఎదుట కమిటీ మీటింగు జరగాలి. తొమ్మిదిమందిలో ఐదుగురైనా స్వయంగా వచ్చి కూర్చోవాలి. గడువు మూడు వారాలు.

ఎలీసమ్మకి అప్పుడు భయం పట్టుకుంది. తీరికలేని వాళ్ళని రాజీనామా అడిగి, ఆ కుర్చీల్లో తల్లులని వేద్దామనుకుంది. ముందుగా రమణగారి దగ్గరికెళ్ళింది. ఆయన కుర్చీ వేయించారు.

"అంటే, నన్ను తీసేద్దామనేనండీ మీ ఉద్దేశం?"

"అయ్యయ్యో, అది కాదండి. మీకు తీరికుండదు కదాని..."

"మా ఇంటి పేరు తీసేసేరని తెలిస్తే ఊళ్ళో ఏవనుకుంటారండి? ఆ ఐదుగురిలో నేనొకణ్ణి. రాసుకోండి."

"ఆయ్" అని లేచి వచ్చేసింది. ఇంకెవరినీ రాజీనామా అడగలేదు. తీసెయ్యాలన్నా మీటింగే కావాలి, దానికీ ఐదుగురే కావాలి. రమ్మని మాత్రం అందరినీ బతిమాలింది. బెంజమిన్ ఫోన్లో "ట్రై చేస్తానాంటీ" అన్నాడు. ఆరుగురు తప్పకుండా వస్తామన్నారు. రానని మొహాన చెప్పడం ఆ ప్రాంతంలో ఎవరికీ చేతకాదని డెబ్బై ఒక్కేళ్ళ మనిషికి తెలియంది కాదు. అయినా ఆరు పేర్లూ రాసుకుంది.

మీటింగు గురువారం పడింది. పదకొండింటికి బళ్ళో తొమ్మిది ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. అధికారి సత్యప్రియ చిన్న వయసు మనిషి, నెమ్మదస్తురాలు. గోడవారగా పద్నాలుగుమంది తల్లులు నిలబడ్డారు. సభ్యుల్లో ముందుగా రిటైర్డు లెక్చరరు సాల్మన్ గారు కర్ర పట్టుకుని వచ్చారు. మందుల షాపు మధుబాబు వచ్చి, "షాపులో ఎవరూ లేరండి, సంతకం పెట్టేసి వెళ్ళిపోతాను" అన్నాడు. సంతకం కాదు, కూర్చోవాలని అధికారి చెబితే పది నిమిషాలు కూర్చుని వెళ్ళిపోయాడు. రొయ్యల చెరువుల సూర్యప్రకాష్‌కి ఫోన్ చేస్తే ఐ.పోలవరంలో చెరువుగట్టు మీద ఉన్నాడు. రమణగారి ఫోన్ భార్య పద్మావతి గారు ఎత్తారు.

"రావులపాలెంలో పెళ్ళికెళ్ళేరండి. ఫోనిక్కడే మర్చిపోయేరు. పిలిచినవాళ్ళు ఏవన్నా అనుకుంటారని, ఇష్టంలేకపోయినా వెళ్ళేరండి."

పన్నెండు దాటాక అధికారి మినిట్స్ పుస్తకం అడిగింది. పేజీలు తిప్పుతూ ఒకచోట ఆగింది.

"పదకొండేళ్ళలో ఒక్కరూ ఒక్కసారి కూడా మానలేదాండీ?"

అధికారి ఆ పేజీ ఎలీసమ్మ వైపు తిప్పింది.

"ఈ తారీఖున ఇక్కడ తుఫానండి. మా ఊరూ ఈ పక్కనే. దారులన్నిటా చెట్లు పడిపోయేయి. ఆ రోజు తొమ్మిదిమందీ వచ్చేరని రాసుంది."

సాల్మన్ గారు కళ్ళజోడు సవరించుకుని వంగి చూశారు. "ఆ రోజు నేను హైదరాబాదులో కంటాపరేషను చేయించుకున్నానమ్మా" అన్నారు. ఆయనకి అబద్ధం చెప్పడం అలవాటు లేదు. గోడవార ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు.

"మీరే రాసేరాండి ఇది?"

"ఆయ్" అంది ఎలీసమ్మ.

వీరదుర్గ ముందుకొచ్చింది. "అమ్మగారండి, మేం పద్నాలుగుమందిమి ఉన్నాం. పొద్దున్నుంచీ ఉన్నాం. మేం కూర్చుంటే లెక్క కాదాండి?"

"మీ పేర్లు కమిటీలో లేవమ్మా" అంది సత్యప్రియ. ఆ మాట చెప్పడానికి ఆమెకీ కష్టంగానే ఉంది. ఎలీసమ్మదీ సాల్మన్ గారిదీ పోగా మిగిలిన ఖాళీ కుర్చీలు ఏడూ చూసింది, రాసుకుంది, జీపెక్కింది.

నాలుగింటికి రమణగారు ఇస్త్రీ బట్టల్లో వచ్చి, ఎక్కడ సంతకం పెట్టమంటారని అడిగారు. అయిపోయిందని తెలిశాక చాలా బాధపడ్డారు. బాధ నిజమే.

గుర్తింపు పోయింది. ఏప్రిల్లో పిల్లల కాగితాలు ఇచ్చేశారు. ఐదుగురు కాకినాడ హాస్టలుకి వెళ్ళారు. మిగతావాళ్ళు ఇళ్ళల్లో ఉండిపోయారు. ఆడపిల్లని అంత దూరం పంపనంది వీరదుర్గ.

జూన్‌లో ఒకరోజు ఎలీసమ్మ పీచు ఫ్యాక్టరీకి వెళ్ళింది. ఏం చెప్పాలో అనుకుని వెళ్ళలేదు. వీరదుర్గ కొంగుతో స్టూలు తుడిచి కూర్చోమంది.

"చిట్టిని పనిలో పెట్టలేదండి. ఇంట్లో ఒక్కర్తినీ వదల్లేక తెచ్చుకుంటున్నాను. ఊరికే కూర్చోదు, అదీ ఇదీ మోస్తుంది."

చిట్టి అటుగా వచ్చింది. ఎలీసమ్మ వేళ్ళతో అడిగింది, అన్నం తిన్నావా అని. తను నేర్పిన మొదటి ప్రశ్న అదే. పిల్ల ఆగి, చూసింది. జవాబు చెప్పాలంటే రెండు చేతులూ కావాలి. చేతుల నిండా పీచు కట్ట ఉంది. కింద పెడుతుందేమోనని ఎలీసమ్మ ఎదురుచూసింది. పిల్ల తల మాత్రం ఊపి, కట్టతోనే లోపలికి వెళ్ళిపోయింది.