ఎక్కిన గేరులోనే

గువ్వలచెరువు ఘాటు రోడ్డు మొదలయ్యే చోట అతను కారు పక్కకు ఆపి, స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టుకుని కాసేపు అట్లాగే కూర్చున్నాడు. బస్సు నడిపే రోజుల్లో కూడా ఇక్కడ ఆపేవాడు. టీ కోసమని ప్రయాణికులు అనుకునేవాళ్లు. అతను దిగి, టైర్లను ఒక్కొక్కదాన్నీ కాలితో తన్ని చూసి, మళ్లీ ఎక్కి బ్రేకు నొక్కి చూసుకుని, అప్పుడు బండిని కొండకు పెట్టేవాడు. ఈసారి దిగలేదు. ఎడమకాలు మోకాలి కింద లేని మనిషికి దిగడం, ఎక్కడం పెద్ద పని.

"సారూ, నువ్వు దిగి తన్నిరా," అన్నాడు.

నేను దిగి నాలుగు టైర్లూ తన్ని వచ్చి కూర్చున్నాను.

"ఏందది, పెన్షనుదారు తన్నుడు మాదిరి ఉండాది. టైరుకు తెలియాల గదప్పా తన్నినట్టు."

నవ్వించడానికే అన్నాడు గానీ అతని ముఖంలో నవ్వు లేదు. కారు కొండ ఎక్కితే అతని దగ్గరే ఉంటుంది. ఎక్కకపోతే కొడుకు అమ్మేస్తాడు. తండ్రీకొడుకుల మధ్య ఒప్పందం అది. నేను సాక్షిని.

నేను భూగర్భజల శాఖలో పనిచేశాను. కర్నూలు, కడప జిల్లాల్లో బావుల్లోకి టేపు దించి నీటిమట్టం రాసుకోవడం నా ఉద్యోగం. ఆ తిరుగుళ్లలో ఎక్కువ భాగం అతని బస్సులోనే. రిటైరయ్యాక కడపలో ఒకే వీధిలో ఇళ్లు కట్టుకున్నాం. షుగరు ముదిరి అతని కాలు తీసేశాక, వరండాలో కుర్చీ వేసుకుని రోడ్డున పోయే బస్సుల చప్పుడు వినేవాడు. "ఈ పిలగాడు మూడో గేరు మరిచినాడు" అనేవాడు. అది వినలేక నేను పేపరు అడ్డం పెట్టుకునేవాణ్ణి.

ఆటోమేటిక్ కారుకు క్లచ్చు ఉండదని, ఎడమకాలితో పనే లేదని ఎవరో చెప్పారు. కర్నూలులో ఒక పాత కారు దొరికింది. తిరగవలసిన ఆఫీసులన్నీ తిరిగి లైసెన్సు మార్పించుకున్నాడు. మళ్లీ స్టీరింగు ముందు కూర్చున్నాక అతని గొంతు కూడా మారింది. భార్యను రాజంపేటలో కూతురింటికి తీసుకెళ్లేవాడు, మమ్మల్ని ఒంటిమిట్ట తిరునాళ్లకు తీసుకెళ్లేవాడు. ఒక్కటే వింత. మలుపు వచ్చినప్పుడల్లా అతని ఎడమ తొడ కొంచెం పైకి లేచి దిగేది, లేని కాలితో లేని క్లచ్చును తొక్కుతున్నట్టు. నేను చూస్తున్నానని తెలిస్తే తొడ మీద చెయ్యి వేసేవాడు.

పోయిన ఎండాకాలం నుంచి గేరుబాక్సు జారడం మొదలైంది. ఆక్సిలరేటరు తొక్కితే ఇంజను అరుస్తుంది, బండి మాత్రం ముందుకు రాదు. ఒక క్షణం ఆగి, ఎవరో వెనకనుంచి తన్నినట్టు ఎగిరి కదులుతుంది. ఒకరోజు భార్యను ఎక్కించుకుని బైపాసు దాటుతుంటే నడిరోడ్డులో అట్లా నిలిచిపోయింది. లారీవాడు పక్కకు కోసుకుని పోయాడు. ఆ రాత్రి కొడుకు తాళంచెవి తీసి తన జేబులో వేసుకున్నాడు.

మెకానిక్కు దాపరికం లేని మనిషి. ఇంజను వేడిగా ఉండగానే గేరుబాక్సు ఆయిలు కొలిచే పుల్ల తీసి తెల్లగుడ్డ మీద తుడిచి చూపించాడు. ఎర్రగా ఉండాల్సిన ఆయిలు టీ డికాషను రంగులో ఉంది.

"సీసా మందు ఒకటి ఉండాది సార్. ఎండి గట్టిపడిన రబ్బరు సీళ్లను మెత్తగా చేస్తాది. జబ్బు సీళ్లదయితే పట్టు దొరుకుతాది. లోపల గేరును పట్టే ప్లేట్లే అరిగిపోయి ఉంటే ఏ సీసా పని చెయ్యదు. అప్పుడు మొత్తం విప్పాల్సిందే."

"ఏదో తెలిసేదెట్ల?" అన్నాను.

"పోసి చూసేదే."

కొంత పాత ఆయిలు లాగేసి, అంతే మందు పోశాడు. వారం రోజులు ఊళ్లో నడిపితే జారడం ఆగిపోయింది. నా స్నేహితుడు తానే కాలు మొలిపించుకున్నంత గర్వంగా తిరిగాడు. కొడుకు నమ్మలేదు.

"ఊళ్లో కాదు అబ్బా. ఘాటు ఎక్కి రా. చాచా పక్కన ఉండాల," అని తండ్రితో అంటూ నా వైపు చూపించాడు.

"ఆయనేంటికి?"

"నువ్వయితే జారినా జారలేదంటావు. చాచా జరిగింది జరిగినట్టు డైరీలో రాసుకునే మనిషి."

అట్లా నేను ఆ సీట్లోకి వచ్చాను.

కొండ ఎక్కుతున్నంతసేపూ నా చెవులు ఇంజను మీదే ఉన్నాయి. మొదటి మలుపులో మా ముందు సిమెంటు లారీ ఒకటి పాకుతూ పోతోంది. దాని వెనక నడక వేగంతో ఎక్కాలి. జారేటట్టయితే అక్కడే జారాలి. వెనక బస్సు హారను కొడుతోంది. అతను అద్దంలో చూసి "ఆగప్పా, కొండ యాడికీ పోదు" అని గొణిగాడు. మెడ మీద చెమట కాలరులోకి దిగుతోంది. తొడ లేచింది, దిగింది. బండి జారలేదు. తరువాతి మలుపులోనూ జారలేదు. లోయ పక్కకు చూడకుండా నేను ముందున్న లారీ నంబరు చదువుతూ కూర్చున్నాను.

పైన ఊళ్లో పాలకోవా అంగడి ముందు ఆపాడు. అతని కొడుక్కు నేనే ఫోను చేశాను.

"ఎక్కింది నాయనా. ఎక్కడా జారలేదు."

"సరే చాచా. మీరు చూసినారంటే ఇంక నేనేమీ అనను."

అతను ఫోనుకు చెవి ఆనించి విన్నాడు. తరువాత ఇంటికని కోవా కొనమన్నాడు. పొట్లం అతనికి అందకుండా నా ఒడిలో పెట్టుకున్నాను.

"వాసన చూస్తే షుగరు పెరగదులే సారూ," అన్నాడు. అప్పుడు నిజంగానే నవ్వాడు.

తిరుగు దారిలో వాలు మొదలవగానే గేరు కర్రను కిందికి లాగి చిన్న గేరులో పెట్టాడు. బస్సు నేర్చుకున్న రోజున గురువు చెప్పిన మాటట, కొండను ఎక్కిన గేరులోనే దిగాలని. ఇంజనే బండిని వెనక్కి పట్టుకుంటుంది, బ్రేకును చివరిదాకా దాచుకోవచ్చు. ఇంజను ఒకసారి గట్టిగా మూలిగి పట్టింది. తరువాత ఆ మూలుగు సన్నబడి పోయింది. బావిలో బొక్కెన బరువుగా వస్తూ వస్తూ తాడు తెగితే చేతులకు ఎట్లా తెలుస్తుందో, అట్లా నా ఒంటికి తెలిసింది. బండిని ఇక ఏదీ పట్టుకోవడం లేదు.

"భాయ్..." అన్నాను.

"మాట్లాడొద్దు సారూ."

బ్రేకు ఒక్కటే మిగిలింది. అతను దాన్ని అదిమి పట్టలేదు. నొక్కి, వదిలి, మళ్లీ నొక్కుతున్నాడు. కాలిన వాసన లోపలికి వచ్చింది. ఎదురుగా మలుపులో ఒక లారీ సగం రోడ్డు మా వైపుకు వచ్చి ఎక్కుతోంది. అతని ఎడమ తొడ ఈసారి లేచి దిగలేదు, లేచి అట్లాగే గాలిలో బిగుసుకుంది. లారీ అద్దం మా కిటికీని రాసుకున్నంత దగ్గరగా పోయింది. మా ఎడమచేతి పక్క కొండ ఉంది. అతను బండిని మెల్లగా ఆ పక్కకు వంచి, మట్టికాలవలోకి ఒక చక్రం దించి, హ్యాండుబ్రేకు కొంచెం కొంచెంగా లాగాడు. కారు అంచు మట్టిని గీరుకుంటూ పోయి ఆగింది.

నేను దిగి టైర్ల ముందర రాళ్లు పెట్టాను. తొందరలో ఒక రాయి జారి నా పాదం మీదే పడింది. లోపలికి వచ్చేసరికి అతను ఇంకా బ్రేకు మీదనుంచి కాలు తీయలేదు.

పక్కనుంచి బస్సులు పోతున్నాయి.

"బ్రేకులు చల్లారితే మెల్లగా దిగొచ్చు," అన్నాడు చివరికి. "కింద చదును. ఊళ్లో బాగానే పోతాది."

నేను రాయి పడిన పాదాన్ని రుద్దుకుంటున్నాను.

"మావోడు ఎక్కమన్న్యాడు. ఎక్కింది. దిగేది అడగలేదు గదా."

"అడగలేదు," అన్నాను.

"నువ్వేమని రాస్తావు?"

"ఏం జరిగితే అది."

"తెలుసులే." కిటికీలోంచి కిందికి కనిపిస్తున్న రోడ్డును చూస్తూ ఉండిపోయాడు. నేను డైరీలో రాయడం వేరు, అతనే కొడుక్కు చెప్పడం వేరు. ఆ ముక్క అనాలని నోటిదాకా వచ్చింది, అనలేదు. అతనికి తిరిగి దొరికిన ఒక్కటీ ఆ సీటు. దాన్ని వదులుకోమని రెండు కాళ్లూ ఉన్న నేను ఎట్లా చెప్పేది?

"బస్సులో జనాన్ని పెట్టుకుని ఇట్లాంటి బండిని దించేటోడినా నేను?" అన్నాడు. నన్ను అడిగినట్టు లేదు. ఫోను తీశాడు.

"బేటా, ఎక్కింది నిజమే. దిగేటప్పుడు పట్టలేదు. ప్లేట్లు పోయినట్టుండాయి. ఆపేసినా. ఘాటులోనే ఉండాము. వచ్చి తీసకపో."

కొడుకు బండ్లు మోసే లారీని వెంటబెట్టుకుని మోటారుసైకిలు మీద వచ్చాడు. చక్రం దిగిన కాలవను, మట్టి మీద గీతను, కొంచెం ముందరున్న లోయను చూశాడు. తండ్రి అతని ముఖం చూడకుండా తాళంచెవి తీసి కిటికీలోంచి చాపాడు. కొడుకు అందుకోలేదు. దూరంగా పోయి మెకానిక్కుకు ఫోను చేశాడు. గాలికి మాటలు మా దాకా వచ్చాయి.

"మొత్తం విప్పి బాగు చెయ్యండి. సీసాలు వద్దు. ఎక్కితే చాలదు అన్నా, దిగేటప్పుడు పట్టాల."

లారీవాళ్లు కారు ముందుకు ఇనుపతాడు తగిలించారు. తాడు లాగుతుంటే కారు లారీ వెనక దించిన పలకల మీదికి వంకర పోకుండా లోపల ఒకరు కూర్చుని స్టీరింగు పట్టాలి, పైకి చేరగానే బ్రేకు వెయ్యాలి. వాళ్లలో ఒకతను డోరు తెరిచి, నా స్నేహితుడి కాలు చూసి, "పెద్దాయనా, దిగండి, నేను కూర్చుంటా" అన్నాడు.

నా స్నేహితుడు దిగడానికి చంకకర్ర కోసం వెనక సీటులోకి చెయ్యి పెట్టాడు.

"నువ్వుండు అబ్బా," అన్నాడు కొడుకు. తరువాత లారీ మనిషి వైపు తిరిగి, "ఆపేదానికి ఆయన కుడికాలు చాల్లేప్పా," అన్నాడు.

తాడు బిగిసింది. కారు కాలవలోంచి లేచి, తిన్నగా పలకల మీదికి పోయి, పైన మెత్తగా ఆగింది. కోవా పొట్లం చేతిలో పట్టుకుని నేను రోడ్డు పక్కన నిలబడి చూశాను.