అవ్వ భుజం పక్కన లాకు పిన్ను

2006 ఎండాకాలం. కొత్తకోటలో హైవే పక్కన, దాబాల వరుస దాటగానే నా ఆటో ఎలక్ట్రికల్ షాపు. బండ్ల వైరింగు, డైనమో, సెల్ఫ్ మోటారు, హారన్లు, లైట్లు నా పని. నేను ఈ పనిలోకి వచ్చినప్పుడు జీపులూ లారీలే ఎక్కువ. బ్యాటరీ నుంచి బల్బు దాకా వైరును వేళ్లతో పట్టుకుంటూ పోతే తప్పు ఎక్కడో ఒకచోట దొరికేది. తర్వాత కొత్త కార్లు మొదలయ్యాయి. అద్దం దానంతటదే ఎక్కుతుంది, తలుపు లాకు దానంతటదే పడుతుంది. జనం మురిసిపోయారు. వాటి కిట్లను బిగించింది నేనే, చెడిపోతే తిట్లు తిన్నదీ నేనే.

సెంట్రల్ లాకింగ్ అంటే రిమోట్ మీద ఒక్క బటన్ నొక్కితే అన్ని తలుపులూ ఒకేసారి లాక్ కావడం. ఆ కిట్లలో ఆటో రీలాక్ అని ఇంకొకటి ఉంటుంది. రిమోట్‌తో లాకు తీశాక కాసేపటిలో ఏ తలుపూ తెరవకపోతే, యజమాని పొరపాటున నొక్కాడనుకుని బండి తనంతట తానే మళ్లీ లాక్ చేసుకుంటుంది. దొంగల భయానికి పెట్టిన ఏర్పాటు. అయితే చాలా కిట్లలో డిక్కీ తెరుచుకున్నదీ లేనిదీ చెప్పే వైరు ఉండదు. మనిషి డిక్కీ తెరిచి సామాను సర్దుతున్నా, దాని లెక్కలో ఎవరూ ఏమీ తెరవనట్టే.

ఆ రోజు మధ్యాహ్నం జొహర్ నమాజుకు పోదామని, కాళ్లూ చేతులూ కడుక్కుని వజూ చేసుకుంటుంటే రాములు సేటు పరుగెత్తుకుంటూ వచ్చాడు. గద్వాల దగ్గర పత్తి విత్తనాల ఆర్గనైజర్ అతను. రైతులతో విత్తనపు పత్తి పండించి కంపెనీలకు ఇస్తాడు. అతని పాత జీపు చాలా ఏళ్లు నా చేతి కిందే నడిచింది.

"ఖాదర్ భాయ్, జల్ది రా. కొత్త కారు లాక్ పడ్డది. అవ్వ లోపల్నే ఉన్నది."

తడి చేతులతోనే పోయాను. దాబా ముందు, నీడ లేని చోట, తెల్లకారు. బానెట్ మీద పసుపు, కుంకుమ, బంతిపూల దండ. పొద్దున బీచుపల్లి ఆంజనేయుడి దగ్గర పూజ చేయించి, తిమ్మాజిపేటలో ఉన్న చెల్లెలికి చూపిద్దామని బయల్దేరారట. అవ్వకు మోకాళ్ల నొప్పులు, దిగనంది. చల్లగాలి బయటికి పోకూడదని అద్దాలు ఎత్తి, ఎవరైనా తలుపు తీస్తారేమోనని లాక్ చేసి, రాములు భోజనానికి పోయాడు. వచ్చేటప్పుడు చెల్లెలి కోసం ఒక గంప మామిడిపండ్లు కొన్నాడు. రిమోట్ నొక్కి డిక్కీ తెరిచాడు. రెండు చేతులతో గంప సర్దడానికి చాబీని డిక్కీలోనే పక్కన పెట్టాడు. మూత వేశాడు. ఇంతలో ఎవరో పలకరిస్తే నిలబడి మాట్లాడుతుండగా, టక్కున అన్ని లాకులూ పడ్డాయి.

అవ్వ వెనక సీట్లో కూర్చుని ఉంది. మొహం ఎర్రబడింది. నోటితో గాలి పీలుస్తోంది.

"ఇంకో చాబీ ఏది సేటు?"

"గద్వాల్ల ఇంట్ల ఉన్నది. తమ్మునికి ఫోన్ కొట్టిన, మోటర్ సైకిల్ మీద తెస్తుండు."

"గద్వాల కెంచి వచ్చేసరికి ఈ ఎండల అవ్వ ఆగుతదా?"

అద్దానికీ రబ్బరుకీ మధ్య స్టీలు పట్టీ దించి, లోపలి కడ్డీని ఎత్తి లాకు తీసే పద్ధతి మాకు ఉంది. పాత కార్లలో అది క్షణాల పని. పట్టీ దించగానే సైరన్ కూసింది. షాక్ సెన్సర్ అంటారు, బండి కాస్త కదిలితే చాలు, దొంగ వచ్చాడని అరుస్తుంది. అవ్వ రెండు చెవులూ మూసుకుని వణికిపోయింది. పట్టీ కడ్డీకి అందలేదు. దొంగలకు దొరక్కూడదని దానికి ఇనుప రేకు కప్పి పెట్టారు.

అప్పుడు చూశాను, అవ్వ భుజం పక్కనే తలుపు మీద లాకు పిన్ను. వేలెడంత బుడిపె. దాన్ని పైకి లాగితే ఆ తలుపు లాకు ఊడుతుంది, బయటి నుంచి నేను తెరవచ్చు. ఏ కంప్యూటరూ అక్కర్లేదు. అద్దానికి మొహం ఆనించి చేత్తో చూపించాను.

"అవ్వా, గా బుడిపె మీదికి గుంజు. గంతే. గుంజు."

ఆమె పిన్ను వైపు చూసింది. తర్వాత కొడుకు వైపు చూసింది. తల అడ్డంగా ఊపి, రెండు చేతులూ కొంగు కింద దాచుకుంది.

రాములు కూడా అరిచాడు. సైరన్ హోరులో ఆమెకు ఏం వినిపించిందో తెలియదు. అతని కోపం మాత్రం కనిపించి ఉంటుంది. ఇంకా ముడుచుకుపోయింది.

"అద్దం పలగ్గొడత సేటు," అన్నాను.

"ఆగు భాయ్, షోరూంకు ఫోన్ చేస్తున్న." చేశాడు. మొదట మిషను గొంతు ఒకటి నొక్కు, రెండు నొక్కు అంది. ఆఖరికి మనిషి దొరికితే, బయటి మెకానిక్ చెయ్యి పెడితే గ్యారంటీ పోతుందని, తమ మనిషిని పంపిస్తామని చెప్పాడు. హైదరాబాద్ నుంచి.

గుమిగూడిన వాళ్లలో ఒక లారీ డ్రైవరు ఊరుకోలేదు. "తల్లిని ముడుపు కట్టినట్టు కట్టి పెట్టినవ్ గద సేటు. ఇంత కారు కొన్నోనివి, ఒక అద్దం పోతే ఏమైతది?"

రాములు నా చెయ్యి పట్టుకున్నాడు. "పొద్దుగాల్నే పూజ అయ్యింది భాయ్. నిమ్మకాయలు తొక్కిచ్చి పూట గూడ కాలే. మొదటి దినమే అద్దం పలిగితే ఇంటికి మంచిది గాదు. జర ఆగు. తమ్ముడు వస్తుండు."

అతని పూజను నేను తక్కువ చేసి మాట్లాడను. నేనూ దేవుడి ముందు తల వంచేవాణ్నే. కానీ దేవుణ్ని నమ్మినవాడు అపశకునానికి అంత భయపడటం నాకు మింగుడు పడలేదు. తల్లి ఊపిరి ముందు పగిలిన గాజు పెంకులు ఏపాటివి? ఇంకొకరి సొత్తును వాళ్ల అనుమతి లేకుండా పాడుచేయడం తప్పని నాకు పని చెప్పిన ఉస్తాద్ నేర్పాడు. ప్రాణం పోతున్నచోట ఆ తప్పు తప్పు కాదని నేర్పిందీ ఆయనే.

అవ్వ తల ఒక పక్కకు వాలిపోయింది.

పెంకులు ఆమె మీద పడకుండా ముందు సీటు వైపు అద్దం చూసుకున్నాను. రుమాలు మడిచి పెట్టి పెద్ద స్పానరుతో కొట్టాను. చెయ్యి లోపలికి పెట్టి ముందు తలుపు తీసి, దాంట్లోంచి వంగి వెనక పిన్ను లాగాను. అవ్వ ఒళ్లు కాలిపోతోంది, చెమట చుక్క లేదు. లారీ డ్రైవరూ నేనూ ఎత్తుకొచ్చి దాబా పందిరి కింద నులక మంచం మీద పడుకోబెట్టాం. దాబా వాళ్లు తడిగుడ్డలు తెచ్చారు. నెత్తి మీద, మెడ మీద నీళ్లు పోశాం.

చాలాసేపటికి కళ్లు తెరిచింది. నీళ్లు అడగలేదు. కొడుకును వెతుక్కుని చూసి అంది:

"నేనేం ముట్టలే కొడుకా. అద్దం నేను పలగ్గొట్టలే."

"ఏం ముట్టలేదవ్వా?" అని నేనడిగాను.

"ఎక్కేటప్పుడే చెప్పిండు బిడ్డా. గిదంత ఆటోమేటికంట. చెయ్యి పెడితే ఖరాబైతదంట. చేతులు ఒళ్లె పెట్టుకోని కూసొమ్మన్నడు."

రాములు చుట్టూ చూసి, "తెల్వదు ఆమెకు. ఎంత చెప్పినా తెల్వదు," అన్నాడు.

"నువ్వు చెప్పింది మంచిగనే తెల్సింది సేటు," అన్నాను.

వనపర్తి దవాఖానాకు దాబా దగ్గరున్న ఒక జీపులో పంపాం. కారు ఎక్కమంటే అవ్వ ఎక్కలేదు. తన వల్లే పాడైందనుకుంది.

ఆ రోజు మసీదులో అందరూ కలిసి చదివే జమాత్ దాటిపోయింది. షాపులోనే ఒక్కణ్నే జొహర్ చదువుకున్నాను. మనసు నిలవలేదు. అమానత్ అనే మాట శుక్రవారం జుమా ప్రసంగాల్లో చిన్నప్పటి నుంచి వింటున్నాను. నమ్మి మన చేతికి అప్పగించినది అని అర్థం. రాములు తల్లిని ఒక తాళానికి అప్పగించి అన్నం తినడానికి పోయాడు. లోపల మనిషి ఉందో మామిడిపండ్లు ఉన్నాయో ఆ తాళానికి తెలియదు. లెక్క చెప్పుకోవాల్సిన రోజు తాళానికి లేదు. మనకుంది.

వానలు పడ్డాక రాములు మళ్లీ షాపుకు వచ్చాడు. బుద్ధి వచ్చి, ఆటో రీలాక్ తీయించుకుంటాడేమో అనుకున్నాను.

"భాయ్, వెనక తలుపుల పిన్నులు పీకెయ్. అవ్వతోని పరేషాన్ అయితుంది. కారు ఎక్కితే చాలు, గా పిన్ను పట్టుకోని ఇడుస్తలేదు. నడుస్తుండంగ గుంజుతది, సైరన్ మోగుతది."

"భయపడుతుంది సేటు. పట్టుకోనియ్."

"పిల్లలు నవ్వుతుండ్రు భాయ్. ఎంతైతదో చెప్పు."

"నేను పీకను."

అతను కోపగించుకోలేదు. రోడ్డవతలి షాపులో పీకించుకున్నాడు. పది నిమిషాల పని.

తర్వాత ఒకసారి పెట్రోల్ బంకు దగ్గర ఆ కారు కనిపించింది. వెనక సీట్లో అవ్వ ఉంది. నన్ను గుర్తుపట్టలేదు. పిన్ను ఉండాల్సిన చోట చిన్న బెజ్జం మిగిలింది. ఆమె చూపుడు వేలు ఆ బెజ్జం మీదే ఉంది.

అప్పటి నుంచి లాకు కిట్టు బిగించమని ఎవరు వచ్చినా, ఇంట్లో పెద్దవాళ్లను ఒకసారి తీసుకురమ్మంటాను. వెనక కూర్చోబెట్టి, వాళ్ల చేత్తోనే లాకు తీయించి చూస్తానంటాను. చాలామంది నవ్వుతారు. "ముసలోళ్లకెందుకు భాయ్ గివన్నీ," అంటారు. కొందరు వేరే షాపుకు పోతారు. పోనీ. ఇన్నేళ్లలో వైరింగు గురించి నేర్చుకున్నది చాలానే ఉంది కానీ, ఆ కారు నేర్పింది ఒక్కటే: బండికి ఎన్ని తెలివితేటలు బిగించినా, లోపల కూర్చున్న మనిషికి తలుపు తీసుకునే హక్కు లేకపోతే, నేను బిగించింది తాళం కాదు, సమాధి మూత.