సీథోన్ పిడికిట్లో నీళ్లు

మా ఊదోన్ వైపు వానలు వెళ్లిపోయాక చెరకు నాటుతారు. ఆ తర్వాత ఆరు నెలలు చుక్క పడదు. నేల దాచుకున్న నీళ్లతోనే మొక్క బతకాలి. ఆ నీళ్లు ఎన్నున్నాయో చెప్పేది మా ఊళ్లో సీథోన్ ఒక్కడే. అరవై దాటిన ఆ పెద్దమనిషి తన పొలంలో మాత్రం ఏనాడూ చెరకు వెయ్యలేదు.

గొయ్యి తవ్వించి జాన లోతున ఒక పిడికెడు, మూర లోతున ఒకటి, నడుము లోతున ఒకటి మట్టి తీసి పిసుకుతాడు. ముద్ద నిలబడితే నీళ్లున్నట్టు, రాలితే లేనట్టు. పద్ధతి మంచిదే, తాతలనాటిది. కానీ సీథోన్ చేతిలో ముద్ద రాలగా చూసినవాళ్లు లేరు. చెరకు ఎండిపోయినప్పుడు అందరూ ఎండనే తిట్టారు.

కిందటి కార్తీకంలో మా ఊరి చెరకు రైతు బువలై అతనికి కబురు పెట్టింది. నాటడానికి గడల్ని ముక్కలుగా, అంటే ముచ్చెలుగా, అప్పటికే కొట్టించేసింది. మూడు రోజుల్లో నాటకపోతే ఎండిపోతాయి. నాటాక చస్తే మళ్లీ విత్తనం లేదు.

మా దగ్గర ఎవరొచ్చినా ముందు "అన్నం తిన్నారా" అనే అడుగుతారు. సీథోన్ ఎప్పుడూ తినకుండానే వస్తాడు. జిగురన్నం బుట్ట ఖాళీ చేసి, వేళ్లు తొడకి తుడుచుకుని గోతిలోకి దిగాడు.

"జాన లోతు, నెల. మూర లోతు, రెండు. నడుము లోతు, మూడు. ఆరు నెలలకి సరిపోయింది. నాటెయ్యి తల్లీ."

"పెద్దయ్యా, ఆ ముద్దలో మెతుకుంది," అంది బువలై.

"మంచి నేల, వండకుండానే అన్నం పెడుతోంది," అన్నాడు పక్క పొలం విచన్.

"నువ్వూరుకో తమ్ముడూ. పెద్దయ్యా, చెయ్యి కడుక్కుని మళ్లీ పిసకండి."

"నలభై ఏళ్లుగా పిసుకుతున్న చెయ్యమ్మా ఇది."

"చెయ్యి నలభై ఏళ్లదే. జిగురు ఈ పూటది."

సబ్బు తెచ్చి, చెయ్యి కడిగించి, పొడిగుడ్డతో తానే తుడిచింది. జాన లోతు మట్టి వేళ్ల సందుల్లోంచి జారిపోయింది. మూర లోతుదీ అంతే. నడుము లోతుది మాత్రం నిలబడింది. అంత లోతుకి ముచ్చె వేరు దిగేసరికి ముచ్చె ఉండదు.

"సబ్బు మట్టికి పడదు," అని చెప్పి సీథోన్ వెళ్లిపోయాడు.

బువలై పొలమంతా నాలుగు చోట్ల తానే తవ్వింది. వరిగట్టు పక్క పల్లంలో మూర లోతునే ముద్ద నిలిచింది. అక్కడ మాత్రమే నాటి, మిగిలిన ముచ్చెలు గేదెలకి వేసింది. ఊరు నవ్వింది. విచన్ సీథోన్ మాట మీద మొత్తం నాటాడు.

ఎండలు ముదిరేసరికి విచన్ చెరకు పొయ్యిలోకి పనికొచ్చింది. బువలై పల్లం పచ్చగా ఉంది, వచ్చే ఏటికి విత్తనం మిగిలింది.

ఈ ఏడు విచన్ మళ్లీ సీథోన్‌నే పిలిచాడు. బువలైని అడగొచ్చుగా అన్నాను.

"ఆవిడ వద్దంటుందన్నా. ఈయన నాటమంటాడు."

సీథోన్ వచ్చాడు. ఈసారి సబ్బు అడిగి, మోచేతుల దాకా శుభ్రంగా చేతులు కడుక్కున్నాడు. తర్వాత జిగురన్నం బుట్ట ముందు కూర్చున్నాడు.