రిలీవరు వచ్చేదాకా

ముసలివాళ్లకి ఏం కావాలో నాకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదని చాలాకాలం మిడిసిపడ్డాను. ఈ బెంగాలీ రైల్వే ఊళ్లో, మలంచా రోడ్డు మీదున్న ఒక వృద్ధుల హోములో పదిహేనేళ్లుగా ఆయా పని చేస్తున్నాను. ఎవరికి చక్కెర లేని టీ ఇవ్వాలి, ఎవరికి అన్నం మెత్తగా పిసికి పెట్టాలి, ఎవరిని ఎటు తిప్పి పడుకోబెట్టాలి, అన్నీ నోటికొచ్చు. ఆ మిడిసిపాటుని ఒక రిటైరైన గేట్‌మేన్ నాలుగు రోజుల్లో దించేశాడు. దాని బదులు ఆయన ఇచ్చిన గర్వం ఇంకా నా దగ్గరే ఉంది.

ఆయన మా తెలుగాయనే. రైలు గేట్ల దగ్గర ముప్పై ఏళ్లకి పైగా పనిచేశాడు, వయసు ఎనభై దాటింది. భార్య పోయాక కూతురింట్లో ఉండేవాడు. కూతురూ అల్లుడూ ఇద్దరూ ఉద్యోగస్తులు. ఒకరోజు వాళ్లు ఇంట్లో లేనప్పుడు స్టవ్ వెలిగించి మర్చిపోయాడట. భయపడిపోయి మా దగ్గర చేర్చారు. ఆ అమ్మాయి ప్రతి ఆదివారం చర్చి అవగానే తిన్నగా వచ్చి ఆయన పక్కన కూర్చునేది. ఆమె ఎవరో ఆయనకి సగం వారాలు గుర్తుండేది కాదు. తిన్నాడో లేదో గుర్తుండేది కాదు. డ్యూటీ మాత్రం గుర్తుండేది.

పొద్దున్న ఆరింటికల్లా చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకుని, హోము గేటు పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునేవాడు. టీ, టిఫిను అక్కడికే తీసుకెళ్లేవాళ్లం. ఎండ నెత్తి మీదకొచ్చినా లేచేవాడు కాదు. బాత్రూముకి కూడా లేచేవాడు కాదు, పాంటు అలాగే తడిసిపోయేది. సాయంత్రమయ్యేసరికి ముఖం కందిపోయి, కళ్లు తిరిగి పడబోయేవాడు. ఒకరోజు ఇద్దరం చెరో రెక్కా పట్టి లేపబోతే చేతికర్రతో కొట్టాడు. నాతో పనిచేసే ఆయా ముంజేయి వాచిపోయింది.

మా మేనేజరు బెంగాలీ. నాకంటే చిన్నవాడే అయినా దాదా, అంటే అన్నయ్య, అనే పిలుస్తాం. చెడ్డవాడేం కాదు, కానీ ఏదైనా జరిగితే అడిగేది ఆయన్నే కదా. ఆ బుధవారం నన్ను ఆఫీసు గదిలోకి పిలిచాడు.

“దీదీ, ఇక ఉంచుకోలేం. ఆదివారం కూతురొస్తుందిగా, తీసుకెళ్లమని చెప్పేస్తాను. బయట తాళం వేసి ఉంచే చోట్లున్నాయి, అలాంటిచోట చేర్చుకుంటారు.”

తాళం మాట వినగానే నాకు ఒళ్లు మండింది. అయితే ఆ మంట ముసలాయన మీదకే మళ్లింది, అబద్ధం ఎందుకు. ఇంత చేస్తున్నా మాట వినడేం అని. గురువారం మిట్టమధ్యాహ్నం గేటు దగ్గరికి వెళ్లి కడిగేశాను.

“ఏటి బాబాయి మీ మొండితనం! ఇది రైలుగేటు కాదు, హోము గేటు. లోపలికి రండి!”

“రిలీవరు రాలేదమ్మా,” అన్నాడు చెమట తుడుచుకుంటూ. “ఎలాగొచ్చేస్తాను సెప్పు?”

చేరినప్పట్నుంచీ రోజుకి పదిసార్లు ఆ మాటే అంటున్నాడు. మతి తప్పిన మాటే కదా అని వదిలేశాను. ఆ రోజు మాత్రం ఆ మాట సరిగ్గా విన్నాను. అది మా నాన్న మాట.

మా నాన్న క్యాబిన్‌మేన్. రైళ్లు ఏ పట్టా మీదకి పోవాలో ఆ పట్టాకి మార్చే లీవర్లు లాగడం ఆయన పని. నా చిన్నప్పుడు ఒక క్రిస్మస్ నాడు రెండింటికి డ్యూటీ దిగాల్సిన నాన్న దిగలేదు. ఆయన్ని దింపే తర్వాతి డ్యూటీ మనిషి, అదే రిలీవరు, రాలేదు. అమ్మ క్యారేజీ కట్టి నన్ను వెంటేసుకుని క్యాబిన్‌కి వెళ్లింది. పండగపూట ఇంటికి రావా అని నేను ఏడ్చాను. నాన్న పైనుంచే, “రిలీవరు రాలేదమ్మా, ఎలాగొచ్చేస్తాను?” అన్నాడు. ఛార్జ్ తీసుకునే మనిషి రాకుండా కుర్చీ దిగితే, ఆ వెనక వచ్చే బండిలో ఎంతమంది ఉంటారో అది ఆయన లెక్క. అమ్మ తిట్టుకుంటూనే మెట్లెక్కి క్యారేజీ ఇచ్చొచ్చింది.

అదే మాట మా నాన్న అంటే కర్తవ్యం, ఈయన అంటే రోగం! నా బుర్రని నేనే నాలుగు తిట్టుకున్నాను. ఆ సాయంత్రమే గోల్‌బజార్ వెళ్లి ఒక నోటుబుక్కు, అర మీటరు ఎర్రగుడ్డ, అర మీటరు పచ్చగుడ్డ కొన్నాను. ఝపటాపూర్‌లో మా ఇంటికి చేరగానే మిషను మీద రెండు జెండాలు కుట్టేశాను.

శుక్రవారం పొద్దున్నే జెండాలు ఆయన చేతికిచ్చాను. రెండింటికి నోటుబుక్కు పట్టుకుని ఆయన ముందు నిటారుగా నిలబడ్డాను.

“రిలీఫ్‌కొచ్చినాను బాబాయి. ఛార్జ్ ఇవ్వండి.”

నన్ను ఎగాదిగా చూశాడు. ఆడమనిషా అంటాడేమో అనుకున్నాను, అనలేదు. లేచి నిలబడ్డాడు. “గేటు బాగున్నాది. తాళం సరే. జెండాలు రెండు. లైను క్లియరు,” అని గడగడా అప్పజెప్పాడు. పుస్తకంలో సంతకం పెట్టాడు. నేనూ పెట్టాను. అన్ని రోజులుగా ఇద్దరు మనుషులు లాగినా రాని మనిషి తనంతట తను లోపలికి అడుగేశాడు. నా సంబరం చెప్పలేను. చెయ్యి పట్టుకుని భోజనాల గదివైపు నడిపించుకెళ్తుంటే, కిటికీలోంచి దాదా చూస్తున్నాడో లేదో అని కూడా ఓరకంట చూశాను.

పది అడుగులు వేశామో లేదో ఆయన వెనక్కి తిరిగాడు. కుర్చీ ఖాళీ.

“గేటొదిలేసి వచ్చీసినావేటి! బండొస్తాది!”

నన్నొక్క తోపు తోసి పరుగెత్తాడు. నాలుగడుగుల్లోనే పడ్డాడు. మోకాలు చీరుకుపోయి రక్తం వచ్చింది. దాదా చూడనే చూశాడు. తిన్నగా లోపలికి వెళ్లి కూతురికి ఫోను చేశాడు. నేను మోకాలికి మందు రాస్తూ తలెత్తలేకపోయాను. ఛార్జ్ తీసుకున్న మనిషి అక్కడే ఉండాలి. ఇంకెవరికైనా తెలియకపోవచ్చు, క్యాబిన్‌మేన్ కూతురికి తెలియొద్దూ? ముసలివాణ్ణి మభ్యపెట్టి అన్నానికి తీసుకెళ్లాలనుకున్నానే తప్ప, ఆయన మాటని నేను నిజంగా నమ్మలేదు. ఆయన అది పట్టేశాడు.

శనివారం రెండింటికి మళ్లీ వెళ్లాను. మళ్లీ అప్పజెప్పాడు, అనుమానంగా. ఈసారి నేను ఆ కుర్చీలో కూర్చున్నాను. జెండాలు ఒళ్లో పెట్టుకుని రోడ్డువైపు చూస్తూ కూర్చున్నాను. ఆయన కాస్త దూరం పోయి వెనక్కి చూశాడు, ఉన్నాను. ఇంకాస్త దూరం పోయి చూశాడు, ఉన్నాను. అప్పుడు లోపలికి వెళ్లాడు. బాత్రూముకి వెళ్లి, చేపల పులుసుతో అన్నం తిని, మంచమెక్కి నిద్రపోయాడని తోటి ఆయా వచ్చి చెప్పింది. నా మాడు మాడిపోతోంది, అయినా నవ్వొచ్చింది.

మూడు కావస్తుంటే ఒక బెంగాలీ పెద్దావిడ గోడ పట్టుకుని మెల్లగా వచ్చింది. మాసీమా, అంటే పిన్ని, అంటాం ఆవిణ్ణి. ఎన్నో నెలలుగా గది దాటి రాలేదు, రమ్మని బతిమాలినా రాలేదు. నన్నూ జెండాల్నీ చూసి, “కొంచెంసేపు నేను కూర్చుంటాను, నాకియ్యి,” అంది బెంగాలీలో. ఊరికే ఇవ్వలేదు. గేటు సరే, తాళం సరే, జెండాలు రెండు అని అప్పజెప్పి సంతకం పెట్టించాను. కుర్చీని నీడలోకి జరిపి కూర్చోబెట్టాను. ఆవిడ కొంగు సర్దుకుని కూర్చున్న తీరు చూస్తే నాకు కళ్లు చెమర్చాయి. పదిహేనేళ్లుగా వాళ్లకి అన్నం పెట్టాను, మందులిచ్చాను, దుప్పట్లు మార్చాను. నువ్వు లేకపోతే ఇది నడవదు అనే పని ఒక్కటి ఎవరి చేతిలోనూ పెట్టలేదు. ఇచ్చేవాళ్లం మేము, పుచ్చుకునేవాళ్లు వాళ్లు, అంతే అనుకున్నాను.

ఆదివారం కూతురు వచ్చింది. అప్పటికే ఏడ్చి ఉంది. దాదా ఆమెని కూర్చోబెట్టి చెప్పబోతుంటే నేను అడ్డుపడ్డాను.

“దాదా, రెండు కావస్తోంది. ఛార్జ్ మీరు తీసుకోండి. ఆయన ఇవ్వకపోతే అప్పుడు చెప్పండి మీరు చెప్పేది.”

నా గొంతు పెద్దదే. దాదా విసుక్కుంటూనే లేచాడు. గేటు దగ్గరికి ఫోనులో మాట్లాడుతూనే వెళ్లాడు. ముసలాయన జెండాలు వెనక్కి లాగేసుకున్నాడు.

“డ్యూటీకొచ్చి ఫోనేటి? ముందది జేబులో పెట్టు.”

తెలుగులోనే అన్నా దాదాకి బాగానే అర్థమైంది. ఫోను కట్టేసి జేబులో పెట్టాడు. ఒక్కొక్కటే అప్పజెప్పించుకుని, సంతకం పెట్టి, కుర్చీలో కూర్చున్నాడు. ముసలాయన కూతురి భుజం మీద చెయ్యేసి లోపలికి వెళ్లి అన్నం తిన్నాడు. ఆమెని ఎవరమ్మా నువ్వు అనే అడిగాడు, అయినా చెయ్యి తియ్యలేదు. దాదా మూడింటికి మాసీమాకి ఛార్జ్ ఇచ్చి ఆఫీసులోకొచ్చాడు. “ఎవరెవరు ఎప్పుడు కూర్చోవాలో రాసి గోడకి అంటించండి దీదీ,” అని మాత్రం అన్నాడు. పంపించేస్తానన్న మాట మళ్లీ ఎత్తలేదు.

నాలుగింటికి ముసలాయన నిద్ర లేచి వచ్చేసరికి నేను వరండాలోనే ఉన్నాను, ఇంకా ఆ రాసే పనిలో. నన్ను చూసి ఆగాడు.

“పొద్దున్న ఆరింటికొచ్చినావు కదమ్మా నువ్వు. ఎనిమిది గంటలు ఎప్పుడో దాటిపోనాయి. నీ రిలీవరు రాలేదేటి?”

పదిహేనేళ్లలో ఎవరూ నన్ను ఆ ప్రశ్న అడగలేదు. కన్న కూతురు ఎవరో గుర్తులేని మనిషి, నేనెప్పుడు వచ్చానో గుర్తుపెట్టుకున్నాడు. నేను కాగితం పక్కన పెట్టి లేచి నిలబడ్డాను. హోములో ఉన్నవాళ్లంతా తిన్నారు, మాసీమా గేటు దగ్గరుంది, మందులు ఇవ్వడమైంది అని వరసగా అప్పజెప్పాను. అన్నీ విని తలూపాడు.

“సరే, నాను సూసుకుంటాను. నువ్వింటికెల్లు.”

మలంచాలో ఆటో ఎక్కి ఝపటాపూర్ వచ్చేదాకా, డ్యూటీ దిగి ఖాళీ క్యారేజీతో ఇంటికొచ్చే మా నాన్నలాగా నిటారుగా కూర్చున్నాను.