చిన్నాయన చూసిన జపాన్ సినిమా

మొన్న ఫోన్‌లో పాత జపాన్ సినిమా ఒకటి కనిపించింది. తీసిన దర్శకుడు పోయి చాలా ఏళ్లయింది. ఆయన కెమెరాను ఎప్పుడూ నేలకు దగ్గరగానే పెట్టేవాడు. ఇల్లంతా చాపమీద కూర్చున్నవాడి కంటికి ఆనినట్టే ఉంటుంది. కథా దాదాపు ఒకటే: ఒక తండ్రి, పెళ్లై వెళ్లే కూతురు, ఖాళీ అయ్యే గది. తను మాత్రం పెళ్లి మాటెత్తకుండా తల్లి దగ్గరే ఉండిపోయి, బతుకంతా పక్కవాళ్ల సంసారాలు తీశాడు మహానుభావుడు. కాసేపు చూసి ఆపేశాను. చిన్నాయన గుర్తొచ్చాడు.

మా నేతగాళ్ల పేట నీలం నగర్‌లో, మా గల్లీకి మిగిలిన ఆఖరి గుంత మగ్గం చిన్నాయనదే. గుంతలోకి కాళ్లు దించి, నేల అంచున కూర్చుని నేసేవాడు. చిన్నమ్మ పక్కనే నూలు కండెలు చుట్టేది. వచ్చిందెవరో మొహం చూడకముందే పాదాలు చూసి పోల్చుకునేవాడు. నేను కొత్త చెప్పులు కొంటే మా ఆవిడ కంటే ముందు ఆయనకే తెలిసేది. చిన్నమ్మ పోయాక, మగ్గం చూసి కుమిలిపోతాడని కొడుకు గుంత పూడ్పించి, బండలు పరిపించి, ఎత్తు మంచం వేయించాడు. ప్రేమతోనే. చిన్నాయన ఏడవలేదు. అన్నం మాత్రం తగ్గించేశాడు. మనిషి దక్కడేమోనని నాకు భయమేసింది.

అప్పుడొక మధ్యాహ్నం వాళ్లింట్లో ఏమీ తోచక ఆ దర్శకుడి సినిమా టీవీలో పెట్టాను. చిన్నాయన మెల్లగా మంచం దిగి, నేలమీద కాళ్లు బారచాపి కూర్చున్నాడు.

"అన్ని సినిమాలు గిట్లనే తీసిండా?"

"దాదాపు అన్నీ, చిన్నాయనా."

"అంటే జన్మంత ఒక్కటే డిజైన్ నేసిండు. రంగులు మార్చుకుంట."

తెరమీద ఒక ఇల్లాలి పాదాలు గది దాటి వెళ్లాయి. "మీ చిన్నమ్మ గిట్లనే తిరిగేది" అని, ఆమె పోయాక మొదటిసారి వెక్కి వెక్కి ఏడ్చాడు. "మంచం మీదికెళ్లి సూస్తే ఆమె ఏడ కనవడ్తలేదురా. ఈ ఇల్లు నాది కాదన్నట్టున్నది."

తలుపు దగ్గర కొడుకు విన్నాడు. "బాపు బాధపడొద్దనే పూడ్పిచ్చిన అన్నా" అని నాతో గొణిగాడు. మర్నాడు తనే గడ్డపార పట్టి, బండలు లేపి, గుంత తవ్వాడు. చిన్నాయన గోడ పట్టుకుని వచ్చి అంచున కూలబడ్డాడు. ఇన్నాళ్ల మంచంతో మోకాళ్లు బిగుసుకుపోయాయి. చెరో కాలు పట్టుకుని దింపబోయాం. వంగలేదు.

"బస్, ఉండనీ బిడ్డా. మంచిగనే తవ్వినవ్" అని కొడుకు తల నిమిరాడు.

ఆ చలికాలం దాటలేదు చిన్నాయన. పోయినదాన్ని కాలం ఒక్కోసారి తిరిగి తెచ్చి మన ముందు పెడుతుంది. అప్పటికి దాన్ని అందుకునే ఒంటిని మాత్రం మనకు మిగల్చదు.