కాకులు లేని నాలుగు నిమిషాలు

మాస్టారు పోయారని ఆయన భార్య ఫోన్ చేసేసరికి నేను నా సినిమా గురించి ఇంటర్వ్యూ ఇస్తున్నాను. "సినిమాలో ఆ నాలుగు నిమిషాల నిశ్శబ్దం మీకెలా తట్టిందండీ?" అని అప్పుడే అడిగారు. "మా సముద్రం నేర్పింది" అని చెప్పేశాను కూడా. సిగ్గులేని నోరు.

నేర్పింది మాస్టారు. శ్రీకాకుళంలో మాకు లెక్కలు చెప్పేవారు. ఆదివారం చర్చి నుంచి వచ్చి, భోజనాలయ్యాక, ముందుగదిలో గోడకి దుప్పటి కట్టి యూరప్ సినిమాలు వేసేవారు. తెర కింద పడే ఇంగ్లీషు అక్షరాలు మాకు అందేవి కావు. ఆయనే దుప్పటి పక్కన నిలబడి మాటలన్నీ మన యాసలో చెప్పేవారు. "ఆ ముసిలోడు ఏటంతన్నాడంటే, నానింక ఈ ఊర్లో ఉండనే, ఎల్లిపోతన్నాను అంతన్నాడు." మేం పడీపడీ నవ్వేవాళ్ళం. తెరమీద ఎవరూ మాట్లాడని చోట ఆయనా ఆగిపోయేవారు. "ఇప్పుడు సూడండి. నాను సెప్పడానికేటీ లేదు."

అలాంటి ఒక సినిమాలో ఒకామె ఒడ్డున కూర్చుని సముద్రంకేసి చూస్తూనే ఉంటుంది. ఇరవై ఏళ్ళ తర్వాత ఆమెనే తెచ్చి కళింగపట్నంలో కూర్చోబెట్టాను. చేపలు ఎండబెట్టుకునే ఒకావిడని పట్టుకుని, నాలుగు నిమిషాలు కదలొద్దన్నాను. ఆ నాలుగు నిమిషాలకే అందరూ పొంగిపోయారు. మన మట్టిలోంచి పుట్టిన సినిమా అని రాశారు. బహుమతులొచ్చాయి. ఆమెని ఎక్కడ చూశానో నేను చెప్పలేదు.

శ్రీకాకుళంలో నా సినిమా ఆట అయ్యాక, బయట టీ సాసర్లో పోసుకుంటూ మాస్టారు అడిగారు. "ఒరే, సేపలు ఆరేసుకున్న మనిసి కాకుల్ని అదిలించకండా అంతసేపు ఎలా కూకుందిరా?"

"కాకులు రాలేదు మాస్టారూ."

"రాలేదా, రానివ్వలేదా?"

కెమెరాకి అటూ ఇటూ మనుషుల్ని పెట్టి తోలించాను. ఆ మాట ఒప్పుకున్నాను.

"తీసుకోడం తప్పుకాదురా. నాను మీకు సూపించింది అందుకే. ఎక్కడ సూసేవో సెప్పీ. సెప్పి, మన మనిసిని మన మనిసిలాగ ఉండనీ."

"వచ్చే ఆటకి చెప్తాను మాస్టారూ."

ఆ తర్వాత ఎన్ని ఆటలు పడ్డాయో! చెబితే నా గొప్ప ఎక్కడ తగ్గుతుందోనని భయం. ప్రతిసారీ ఆయన ఫోన్ చేసి "సెప్పీసేవా?" అనేవారు. చివరి రెండుసార్లు ఆరోగ్యం, వర్షాలు మాట్లాడి పెట్టేశారు. అడగడం మానేశారని అప్పుడు హాయిగా అనిపించింది.

ఆయన జ్ఞాపకంగా నా సినిమానే వేస్తామంటున్నారు, ఆ ఆదివారాల మిత్రులు. వేయండి. ముందు ఇదంతా రాసిన ఈ కాగితం మీ అందరికీ చదువుతాను. తర్వాత మీకా సినిమా చిన్నదైపోతే పోనివ్వండి.

సమాధి చేసిన మర్నాడు కళింగపట్నం వెళ్ళాను. నా సినిమాలో కూర్చున్నావిడ ఒక చేత్తో చేపలు తిరగేస్తూ, ఇంకో చేత్తో కర్ర ఊపుతూ, కాకుల్ని బండబూతులు తిడుతోంది. నన్ను చూసి ఆగింది.

"ఏటి బాబూ, మళ్ళీ ఊరకే కూకోమంతావేటి?"

"వద్దమ్మా."

"అయితే ఈ కర్ర పట్టుకో. ఇంకో గంప తెస్తాను. కాకుల్ని సూడు."

ఆవిడ వెళ్ళింది. కర్ర పట్టుకుని అక్కడే కూర్చున్నాను. కాకులు దిగాయి. లేచి అదిలించాను.